నాకు ముందు పది వచనాలు

నేను వాగ్దాన కార్డును. అరచేతిలో ఇమిడే అట్టముక్క, మూలన గులాబీ బొమ్మ, మధ్యలో యిర్మీయా 29:11. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటగానే నాలాంటివాళ్లందరినీ పళ్లెంలో బోర్లించి పెడతారు. ప్రార్థన చేసుకుని ఒక్కొక్కరూ ఒక్కో కార్డు తీస్తారు. అక్కణ్ణుంచి నేను ఆ ఇంటికి ‘ఈ సంవత్సరపు వాగ్దానం’. బీరువా అద్దం మీదో, బైబిలు పేజీల మధ్యనో, ఈమధ్య వాట్సాప్ స్టేటస్‌లోనో నా కాపురం. ఏడాది పొడుగునా ఇంటిని నడిపే బాధ్యత నా ఒక్క వాక్యం మీద పెడతారు. నావల్ల కానిది అదే. వాక్యం మనిషికి దారి చూపుతుంది, అందులో నాకు సందేహం లేదు. కానీ అది తన అధ్యాయంలో నిలబడి చూపుతుంది. అక్కణ్ణుంచి కత్తిరించి తెస్తే, చదివేవాడు ముందే వెళ్లాలనుకున్న వైపుకే నేను వేలు చూపిస్తాను.

నా సంగతే చూడండి. నేను చెప్పేది సమాధానం, నిరీక్షణ, మంచి రేపు. చదివినవాళ్లు తమ ఉద్యోగాన్నీ, కూతురి పెళ్లినీ, కొడుకు వీసానీ అందులో చూసుకుంటారు. అసలు నేను ఒక ఉత్తరంలోని ముక్కని. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము రాజునీ, అధికారులనీ, పనివాళ్లనీ బబులోనుకు చెరపట్టుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరమది. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని మందిరంలో జనం ఎదుట ప్రకటించాడు. జనం వినాలనుకున్నదీ అదే. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లన్నాడు. నాకు సరిగ్గా ముందున్న పదో వచనం ఆ డెబ్బై ఏళ్ల మాటే. పారసీక రాజు కోరెషు విడుదల ఆజ్ఞ ఇచ్చేసరికి క్రీ.పూ. 538 అయింది. ఉత్తరం అందుకున్న నడివయసువాళ్లలో తిరుగు ప్రయాణం కళ్లారా చూసేవాళ్లు ఇక ఎవరుంటారు? మరి ఈలోపు వాళ్లు ఎలా బతకాలి? అదంతా ఐదో వచనం నుంచి ఉంది: ఇళ్లు కట్టుకోవాలి, తోటలు నాటుకోవాలి, పిల్లలకు పెళ్లిళ్లు చేయాలి, తమను చెరలో ఉంచిన ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థించాలి. రోజువారీ బతుక్కి ఇంతకంటే తేటైన దారి ఏముంటుంది? అది నా మీద అచ్చు కాలేదు. సోదె చెప్పేవాళ్ల మాయలో పడొద్దని కూడా ఎనిమిదో వచనంలో ఉంది. ఆ హెచ్చరికకు మూడు వచనాల దూరంలో ఉన్న నన్ను కళ్లు మూసుకుని తీసి జోస్యంలా చదువుతుంటే, రోడ్డు పక్కన చిలక ముక్కుతో లాగే కార్డుకీ నాకూ తేడా ఏమిటో చెప్పడం నాకే కష్టంగా ఉంది.

భక్తిగల పెద్దలు దీనికి చెప్పే జవాబులు కొట్టిపారేసేవి కావు. చీట్లు వేయడం బైబిల్లోనే ఉంది కదా అంటారు. ఉంది. ఇస్కరియోతు యూదా స్థానంలో మత్తీయ వచ్చింది చీటీతోనే. అయితే ఆ తర్వాత, పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ దిగివచ్చాక, అపొస్తలులు మళ్లీ చీట్లు వేసినట్టు కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. అన్యజనులకు సున్నతి అవసరమా అన్న పెద్ద చిక్కు వచ్చినప్పుడు కార్యముల గ్రంథం 15వ అధ్యాయంలో ఏం జరిగిందో చూడండి. పెద్దలు కూర్చుని వాదించుకున్నారు, పేతురు చెప్పింది విన్నారు, యాకోబు దాన్ని ఆమోసు ప్రవచనంతో సరిచూశాడు, ఆపైన సంఘానికి ఉత్తరం రాశారు. ఇక రెండో జవాబు, తొలినాటి సంఘపు వేదాంతి అగస్టీన్ ఉదాహరణ. 386లో మిలాన్‌లో ఆయన పౌలు పత్రికల్ని ఉన్నపళంగా తెరిచి, కంటపడ్డ రోమా 13వ అధ్యాయపు మాటతో మారిపోయాడు. నిజమే. కానీ అప్పటికే ఆయన అక్కడి బిషప్పు అంబ్రోజ్ ప్రసంగాలు వింటున్నాడు, పౌలును చదువుతున్నాడు. పైగా ఆయనకు దొరికింది అదృష్టం కబురు కాదు, తాగుడూ కామమూ విడిచిపెట్టమన్న ఆజ్ఞ. ఆ అగస్టీనే తర్వాత జనువారియస్‌కు రాసిన ఉత్తరంలో, లోకవ్యవహారాల కోసం సువార్త పేజీల్లో శకునం చూసుకోవడం తనకు నచ్చదని రాశాడు. 506లో దక్షిణ ఫ్రాన్సులోని ఆగ్డ్‌లో సమావేశమైన సంఘపెద్దలు ఈ అలవాటును నిషేధించారు కూడా.

నా వంశంలో మంచివాళ్లు లేకపోలేదు. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సంఘ నాయకుడు జిన్‌జెండార్ఫ్ 1728లో రోజుకో వచనం ఇవ్వడం మొదలుపెట్టాడు. 1731 నుంచి అది పుస్తకంగా అచ్చవుతోంది. ఆ వచనాన్నీ చీటీ వేసే తీస్తారు. తేడా ఏమిటంటే, ఆ రోజుకు ఊరందరికీ ఒకటే వచనం. నీ వచనం నీదీ, నా వచనం నాదీ అనే లెక్క అక్కడ లేదు. యిర్మీయా ఉత్తరం కూడా ఒక జనానికి రాసిందే.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది: చదువు రాని తల్లి, ఆసుపత్రి వరండాలో కూర్చున్న తండ్రి అధ్యాయాలు తిరగేస్తారా, వాళ్లకు ఒక్క మాట చాలదా? కష్టంలో ఒక్క మాట పట్టుకుని నిలబడ్డవాళ్లను నేను తప్పుపట్టను. నేను పుట్టిందే అందుకు. కానీ చదువు లేకపోతే వాక్యం దారి చూపలేదనడం ఒంగోలు చరిత్ర ముందు చెల్లదు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య కాలంలో ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో పుస్తకం చదవగలిగినవాళ్లు బహు కొద్దిమంది. అయినా వాళ్లు విన్న వాక్యం మూడు కట్టుబాట్లుగా బతుకులోకి దిగింది: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి వెట్టిపనికీ, జాతర డప్పుకూ ముడిపడ్డ బతుకులో ఈ మూడూ ఎంత ఖరీదైనవో ఊరి పెద్దల కోపమే చెప్పింది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకుని కూలి ఇప్పించాడు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని అప్పుడు బాప్తిస్మాలు ఆపేశాడు. అవి తిరిగి మొదలయ్యాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ల చేతుల్లో వాగ్దాన కార్డులేవీ లేవు.

ఏయే వచనాలు కార్డుల మీదికి ఎక్కవో గమనిస్తే నా వాదం ఇంకా తేటపడుతుంది. కూలివాడి కూలి తెల్లారేదాకా ఉంచుకోవద్దనే లేవీయకాండము 19:13 ఎక్కదు. దొంగ తూనికరాళ్లు సంచిలో పెట్టుకోవద్దనే ద్వితీయోపదేశకాండము 25 ఎక్కదు. బంగారు ఉంగరం వాడికి మంచి చోటిచ్చి బీదవాణ్ణి నిలబెట్టే సంఘాన్ని గద్దించే యాకోబు 2 అసలే ఎక్కదు, కులాన్ని బట్టి మందిరాలు కట్టుకున్నచోట అది అన్నిటికంటే ముందు ఎక్కాల్సి ఉన్నా సరే. దుకాణం తెరిచేవాడికీ, పనిమనిషికి జీతమిచ్చే ఇల్లాలికీ సోమవారం పొద్దున కావలసిన దారి వీటిలో ఉంది. మొత్తం చదివితే బానిసత్వం, యుద్ధాలు లాంటి ఇబ్బందికరమైన భాగాలూ ఎదురవుతాయి కదా అంటారు కొందరు. ఎదురవుతాయి. కానీ కత్తిరిస్తే ఏమవుతుందో 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం అచ్చేసిన బైబిలే సాక్ష్యం. ఐగుప్తు దాస్యం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడ్డ కథే అందులో లేదు. కత్తెర ఎప్పుడూ బలవంతుడి చేతిలోనే ఉంటుంది. మొత్తం పుస్తకమే అతని చేతికి లొంగదు.

వచ్చే ఏటికి కార్డులు అచ్చు వేయించే పాస్టరుగార్లకూ సంఘపెద్దలకూ ఒక మనవి. నన్ను మానేయమని అడగను. నా వెనకవైపు ఖాళీగా ఉంది, అక్కడ అధ్యాయమంతా చదవమని ఒక్క వరుస వేయించండి. ఆ పళ్లెంలో లేవీయకాండము 19:13 కూడా వేయండి, అది ఎవరి చేతికి వస్తే వాళ్లదే ఆ సంవత్సరపు వాక్యం.