నేను బెడ్‌పాన్‌ని కాను

నన్ను చూసి జనం నవ్వుతారు. పింగాణీ ఒళ్లు, పలకలాంటి ఆకారం, ఒక పక్కన పొట్టి మూతి. ఆస్పత్రి మంచాల కింద ఉండే సామానుకు చుట్టాన్నే, దాచను. ఆక్స్‌ఫర్డ్‌లో నార్మన్ హీట్లీ పెన్సిలియం బూజును బిస్కెట్ డబ్బాల్లో, పెట్రోలు డబ్బాల్లో పెంచి చూశాడు. చివరికి బెడ్‌పాన్లే నయమనిపించాయి. ఆ బూజుకు గాలి కావాలి. లోతులేని ద్రవం మీద తెట్టులా పరుచుకుంటేనే పెన్సిలిన్ మందు ఊరుతుంది. అందుకే ఆ నమూనాలో బర్స్‌లెం పింగాణీ కార్ఖానాలో మమ్మల్ని చేయించాడు. 1940 డిసెంబరు 23న వ్యానులో తెచ్చి, క్రిస్మస్ నాడే మాలో బూజు విత్తాడు. పండగ చేసుకునే తీరిక ఆ మనిషికి ఎప్పుడుంది కనక!

అక్కడ ఎవరి పని వాళ్లు చూసుకుని ఉంటే నేను పుట్టేదాన్నే కాదు. ఫ్లోరీ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పాథాలజిస్టు. చైన్ హిట్లర్ జర్మనీ వదిలొచ్చిన బయోకెమిస్టు. హీట్లీదీ బయోకెమిస్ట్రీయే, చేతులు మాత్రం మెకానిక్కువి. ఎవరో వద్దనుకున్న పుస్తకాల బీరువాకు గాజు గొట్టాలు బిగించి మందు తీసే యంత్రం కట్టాడు. ఆమ్లం కలిపిన రసంలోంచి పెన్సిలిన్‌ను ఒక ద్రావణిలోకి లాగి, అందులోంచి మళ్లీ క్షారపు నీళ్లలోకి రప్పించడం ఆయన ఉపాయమే. మమ్మల్ని నింపేదీ, వంచేదీ ఆరుగురు అమ్మాయిలు.

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఆ మందు ఎక్కించారు. తేరుకున్నాడు. అంతలో మందు అయిపోవచ్చింది. ఆయన మూత్రంలోంచి కూడా వెనక్కి తీశారు. నా చుట్టరికానికి ఆ రోజుల్లో మాత్రం సిగ్గుపడలేదు. మార్చి 15న ఆయన పోయాడు. ఇంతమందిమి ఉండి ఒక్క మనిషికి సరిపడా మందు ఊరించలేకపోయాం.

ఆ వేసవిలో ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్లారు. పియోరియాలో, మొక్కజొన్న నుంచి గంజిపిండి తీశాక మిగిలిన నీళ్లు పోస్తే దిగుబడి పెరిగింది. ఆ తర్వాత గాలి ఊదుతూ కలియతిప్పే లోతైన ట్యాంకులు వచ్చాయి. బూజు పైపైన కాకుండా ద్రవమంతటా పెరిగింది. ఇక మాతో పనేముంది?

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. తగలేసినా బాగుండేది. నన్ను మెట్లకింద గదిలో పడేశారు. ఒకాయన నాలో మేకులు పోసుకున్నాడు. ఇంకొకాయన సిగరెట్ పీకలు నలిపాడు. మూతి దగ్గర పెచ్చు లేచింది, అడిగినవాళ్లు లేరు. ఆవిరి పట్టించిగానీ నాలో చుక్క పోయని రోజులు నాకు గుర్తే!

1945లో పెన్సిలిన్‌కు నోబెల్, దాన్ని మొదట గుర్తించిన ఫ్లెమింగ్‌కు, ఫ్లోరీకి, చైన్‌కు వచ్చింది. ముగ్గురికి మించి పంచరట. 1990లో ఆక్స్‌ఫర్డ్ హీట్లీకి గౌరవ వైద్య డాక్టరేటు ఇచ్చింది. వైద్యుడు కానివాడికి అది దక్కడం అదే మొదలు. అప్పటికి ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు.

నా తోబుట్టువు ఒకటి లండన్ సైన్స్ మ్యూజియం చేరింది. నాకు అద్దాల బీరువా అక్కర్లేదు. ఆ మేకులు తీసేసి, ఒక్కసారి వేడినీళ్లతో కడిగితే చాలు.