మొదటి రోజు రీడింగ్

గోపన్‌పల్లిలో మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ హాలు గోడకేసి చూసి, ఆ గాజుముక్క ఏంటని అడుగుతారు. గోడ పగిలిన చోట, పగులుకి అడ్డంగా, రెండు కొసల్నీ సిమెంటు ముద్దతో బిగించిన సన్నని గాజు అది. పక్కన పెన్సిల్‌తో తేదీ రాసి ఉంటుంది. నేను పనిచేసిన డిపార్ట్‌మెంట్లో దాన్ని టెల్‌టేల్ అనేవాళ్లం. పగులు వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. సంక్రాంతి వెళ్లాక నేను పెట్టిన ముక్క మూడు వారాలు కూడా నిలవలేదు.

వెనక స్థలంలో సెల్లార్ కోసం బండ పేలుస్తున్నారు. సెంట్రల్ యూనివర్సిటీ గోడ వెంట నడిస్తే కనబడే గుండ్లే మా ఇళ్ల కిందా ఉన్నాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది, గడ్డపారకి లొంగదు. పేల్చకుండా ఎలా కడతారు, నాకూ తెలుసు. కానీ మధ్యాహ్నం వేళ సైరన్ మోగి, కాళ్ల కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడి, వంటింట్లో గిన్నెలు గలగలమన్నాక, ఊరుకోలేక సైటుకి వెళ్లి అడిగాను. అక్కడి కుర్ర ఇంజనీరు మర్యాదగానే ఇంటికొచ్చి, అదురు కొలిచే మీటరు తెరిచి చూపించాడు.

"అంకుల్, లిమిట్ లోపలే ఉంది చూడండి."

ఉంది. గనుల భద్రత శాఖ వాళ్ల నిబంధన నాకూ తెలిసిందే. బయటివాళ్ల ఇళ్ల దగ్గర నేల అదురు వేగం, దాని ఫ్రీక్వెన్సీని బట్టి, సెకనుకి 5 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకూడదు. అతని అంకె 4 దగ్గరే ఉంది.

"సరే బాబూ, మొదటి పేలుడుకి ముందు మా గోడలు ఎట్లున్నాయో ఎవరైనా రాసిపెట్టారా?"

లేదన్నాడు.

"పోనీ, పోయిన నెల రీడింగులు?"

మీటరు వేరే సైటుకి పోయొచ్చిందట, పాతవి లేవట. నాకు ఒళ్లు మండింది. ఆ అబ్బాయి మీద కాదు, అతనికి పని అప్పజెప్పిన పద్ధతి మీద.

మా రోజుల్లో రీడింగ్ అంటే ఏమిటో చెప్తాను. 1976లో నేను నాగార్జునసాగర్ డ్యామ్ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. అంత రాతికట్టడం లోపల మనిషి నడిచే గ్యాలరీలు ఉంటాయని చాలామందికి తెలియదు. బయట ఎండ మాడుస్తున్నా లోపల చల్లగా, చెమ్మగా, సున్నం వాసనగా ఉండేది. పునాది కిందినుంచి ఊరే నీరు పైపుల్లోంచి కాలవలోకి వస్తుంది. ఆ కాలవకి అడ్డంగా 'వి' ఆకారంలో కోసిన రేకు ఉంటుంది. ఆ కోతలో నీరు ఎంత ఎత్తున పారుతుందో చూస్తే నిమిషానికి ఎన్ని లీటర్లు ఊరుతున్నాయో లెక్క తేలుతుంది. ఆ అంకె పక్కనే ఆరోజు జలాశయం మట్టం రాయాలి. మట్టం పెరిగితే ఊట పెరగడం సహజం, భయం లేదు. మట్టం నిలకడగా ఉండి ఊట పెరిగితే మాత్రం పై అధికారిని నిద్రలేపాల్సిందే. నీరు తేటగా ఉందా, మట్టి కలిసిందా, గోడ మీద సున్నం తెల్లగా కొత్తగా పేరుకుందా, ఇవన్నీ కూడా రాసేవాళ్లం. కింద సంతకం. నేను సెలవు పెడితే ఇంకొకరి సంతకం. ఆ పుస్తకంలో ఖాళీ గడి కనిపిస్తే మా జూనియర్ ఇంజనీరు గారు టీ కూడా తాగనిచ్చేవారు కాదు.

"ఒక్క అంకె చూసి ఏం తెలుస్తదయ్యా? నిన్నటిది పక్కన పెట్టి చూడు," అనేవారు.

అలాగని కొత్త సెన్సార్లు వద్దనను, అవంటే నాకు మోజే. మా రేకు రోజుకొకసారి చెప్పేది, ఇవి గడియ గడియకీ చెప్తాయి. కాంక్రీటులో పాతే వైబ్రేటింగ్ వైర్ గేజి ఉంది, అది అచ్చం తంబుర తీగే. కాంక్రీటు సాగితే తీగ బిగుస్తుంది, శ్రుతి పెరుగుతుంది. పక్కనున్న కాయిల్ దాన్ని మీటి, ఆ శ్రుతిని కొలుస్తుంది. అమెరికాలోని మినియాపొలిస్‌లో 2007లో వంతెన కూలి 13 మంది పోయాక, ఏడాదికి కట్టిన కొత్త వంతెనలో ఇలాంటివి కాంక్రీటు పోసేటప్పుడే పాతారు. అంటే ఆ వంతెన పుట్టినరోజు నాటి నాడి వాళ్ల దగ్గరుంది. మన దుర్గం చెరువు కేబుల్ వంతెన 2020లో తెరుచుకుంది. 2023 ఏప్రిల్‌లో నాలుగు రోజులు రాకపోకలు ఆపి, దాని మీద భారీ క్రేన్లు పెట్టి పరీక్షించారు. ట్రాఫిక్ అని జనం తిట్టుకున్నారు. నాకైతే ఆ వార్త చదివి కడుపు నిండింది.

కానీ మా చుట్టూ లేస్తున్న టవర్ల సంగతేమిటి? ఈమధ్య మా అబ్బాయితో ఫ్లాటు చూడ్డానికి వెళ్లాను. తలుపుకి సెన్సార్, కుళాయికి సెన్సార్, మెట్లెక్కితే లైటుకి సెన్సార్, కారు నిలిపే చోట సెన్సార్. సెల్లార్ చుట్టూ మట్టిని ఆపే గోడకి ఏం పెట్టారు అని అడిగితే, ఆ అమ్మాయి బ్రోచర్ తిరగేసి ఊరుకుంది. ముప్ఫై అంతస్తుల కింద ఆ గోడకి పెట్టేదానికి అయ్యే ఖర్చు ఎంతని? ఫ్లాటు ధరలో అది కనబడను కూడా కనబడదు.

2024 నవంబరులో ఇక్కడికి దగ్గర్లోనే, గచ్చిబౌలి సిద్దిక్‌నగర్‌లో, పక్క స్థలంలో పునాది గుంత తవ్వితే నాలుగైదు అంతస్తుల ఇల్లు ఒరిగిపోయింది. అందులోవాళ్లు కట్టుబట్టలతో పరుగెత్తారు. ఆ ఇంటిని కూల్చేయాల్సి వచ్చింది. గుంత తవ్వేముందు పక్కింటికి ఒక టిల్ట్‌మీటర్ తగిలిస్తే, కంటికి ఆనని ఒరుగుని కూడా అది పట్టేస్తుంది. అదీ లేకపోతే మేస్త్రీ వేలాడదీసే గుండుదారం చాలు, రోజూ ఒకే చోట నిలబడి చూసే మనిషి ఉంటే. సిటీలో గుంత తవ్వే ప్రతివాడి మెడ మీదా ఈ బాధ్యత పెట్టాలి. పక్కిళ్ల మొదటి రోజు రీడింగ్ లేకుండా పర్మిషనే ఇవ్వకూడదు.

నిన్న సాయంత్రం ఆ కుర్ర ఇంజనీరు మళ్లీ వచ్చాడు, ఈసారి తనంతట తానే. పాత నోటుబుక్కులో స్కేలు పెట్టి గడులు గీశాను. హాలు గోడకి ఒకటి, వంటింటికి ఒకటి, మెట్ల కింద ఒకటి, కొత్త గాజుముక్కలు ఇద్దరం కలిసి అతికించాం. తేదీ, టైము, పగులు వెడల్పు, ఆఖరి గడిలో సంతకం. మొదటి వరసలో అతని చేతే పెట్టించాను.

"రేపు ఎన్నింటికి రావాలి అంకుల్?"

"పేలుడుకి ముందోసారి, తర్వాతోసారి," అన్నాను.