దెబ్బ తిన్నవాడికి చెప్పే తప్పుడు సలహాలు

పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో ఎవరైనా దెబ్బలు తిని ఇంటికొస్తే డాక్టరుకన్నా ముందు సలహాలు చేరతాయి. చెప్పేవాళ్లు మనవాళ్లే, మంచి కోరే చెబుతారు. అయినా వింటే నష్టమే.

"పసుపు రాసుకుని పడుకో, రేపు చూద్దాం." అన్నిటికన్నా చేటు చేసేది ఇదే. రోజులు గడిస్తే వాపు తగ్గుతుంది, చూసిన సాక్షి మెత్తబడతాడు. ఆ పూటే పలాస ప్రభుత్వాసుపత్రికో టెక్కలి జిల్లా ఆసుపత్రికో వెళ్లి ఎవరు, దేనితో, ఎక్కడ కొట్టారో చెప్పి ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) రాయించుకోవాలి. పరువు కోసం "జారిపడ్డాను" అన్నారా, రిజిస్టర్లోకెక్కిన ఆ ముక్కనే రేపు అవతలి లాయరు కోర్టులో చదువుతాడు.

"ఒంటి మీద గీత కూడా లేదు, కేసేమిటి?" జీడి ఫ్యాక్టరీలో పప్పు పోయిందన్న అనుమానంతో, పని దిగే వేళ గేటు వేసి ఆడవాళ్లను గంటసేపు నిలబెట్టారనుకోండి. ఎవరి మీదా చెయ్యి పడకపోయినా అది అక్రమ నిర్బంధమే. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 127వ సెక్షన్ కింద నేరం. సివిల్ కోర్టులో నష్టపరిహారమూ అడగవచ్చు. అయితే ఆ దావాకు గడువు ఏడాదే. వదిలిన రోజు నుంచి లెక్క.

"వాడికి ముందే కిడ్నీ జబ్బుంది, దెబ్బ మీదకు నెట్టకండి." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎంతమంది ఈ జబ్బుతో బతుకుతున్నారో అందరికీ తెలుసు. వాళ్లను కొడితే ఖరీదు తక్కువా? ఎదుటి మనిషి ఒళ్లు ఎలా ఉంటే అలాగే లెక్క అన్నది న్యాయసూత్రం. గట్టివాడు వారంలో లేచి తిరిగే దెబ్బకు ఈ మనిషి డయాలసిస్ దాకా వెళితే, పెరిగిన ఆ నష్టం కొట్టినవాడే భరించాలి. పాత జబ్బు ఖర్చు అడగకూడదు, అడిగితే అసలుకే మోసం. కాబట్టి పాత రిపోర్టులు దాచొద్దు. దెబ్బకు ముందు నెల క్రియాటినిన్ 2.1, తర్వాత 4.6 ఉందనుకోండి. ఆ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టాలి. పెరగడానికి దెబ్బే కారణమని కిడ్నీ డాక్టరు చేత రాయించాలి. ఆ కాగితం లేకపోతే అంకెలు నిలబడవు.

"పెద్దలు తప్పు కట్టిస్తారు, స్టేషనెందుకు?" ఆ తప్పు డబ్బు గుడికో ఊరి ఖాతాకో పోతే దెబ్బ తిన్నవాడికి ఏం మిగిలింది? "ఇకమీద ఏ తగవూ లేదు" అని రాసిన కాగితం మీద సంతకం పెడితే పరిహారం అడిగే దారి కూడా మూసుకుపోవచ్చు. రాజీ కావాలంటే లోక్ అదాలత్‌లో చేసుకోండి. అక్కడిచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం.

"క్రిమినల్ కేసు కొట్టేశారు, ఇంకేముంది?" సివిల్ దావా వేరు. అక్కడ అంత గట్టి రుజువు అక్కర్లేదు.

"పోలీసే కొట్టాడు, ఎవరికి చెప్పుకుంటాం?" 2020 ఆగస్టులో కాశీబుగ్గలో ఒక దళిత యువకుణ్ని తన్నిన సీఐ సస్పెండయ్యాడు. సస్పెన్షన్ అధికారి మీద తీసుకునే చర్యే గాని బాధితుడికి పరిహారం కాదు. అది అడిగి తెచ్చుకోవాల్సిందే. అలా తెచ్చుకున్నవాళ్లున్నారు. కోయిలకుంట్ల సబ్‌జైలు మీద 1977లో బాంబులు పడి ఒక ఖైదీ చనిపోయాడు, అతని కొడుకు గాయపడ్డాడు. ముప్పుందని ముందే చెప్పినా కాపలా సరిగా పెట్టలేదు. కింది కోర్టు వాళ్ల దావా కొట్టేసినా హైకోర్టు 1,44,000 రూపాయలు ఇమ్మంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి 2000లో ఓడింది. ఆ కొడుకు పేరుతోనే అది చల్లా రామకృష్ణారెడ్డి కేసు అయింది. పక్కనున్న ఒడిశాలో నీలావతి బెహరా కొడుకును పోలీసులు పట్టుకెళ్లారు. మర్నాడు అతని శవం రైలు పట్టాల మీద దొరికింది. ఆ తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న కోర్టు 1993లో లక్షన్నర ఇప్పించింది.

"లాయరు ఫీజుకే ఇల్లు గుల్లవుతుంది." స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతైనా సరే ఉచితంగా లాయర్ని ఇస్తారు. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ, ఎంఎల్‌సీ జిరాక్సు, పని పోయిన రోజుల కూలి లెక్క వెంట తీసుకెళ్లండి.