ఏమీ చూడకుండా తిరిగిరావడం ఎలా?

కరీంనగర్‌లో బయల్దేరి ధర్మారం, వెల్గటూర్, రాయపట్నం మీదుగా ధర్మపురి. అక్కణ్నుంచి జగిత్యాల, కొండగట్టు, వేములవాడ, సిరిసిల్ల. రిటైరైన దంపతులు సొంత కారులో తిరగడానికి చక్కటి దారి. ఇంత దారిలో ఏమీ కంటబడకుండా ఇల్లు చేరాలంటే మగాయనకు కొంత క్రమశిక్షణ కావాలి. ఆ పద్ధతులివి.

1. తెల్లారగట్ల నాలుగింటికి కదలాలని ముందురోజే ప్రకటించండి. ఆమె నాలుగింటికే తయారవుతుంది. మీరు ఏడింటిదాకా బీపీ గోలీలు వెతుక్కుని, ఆలస్యం ఆమెవల్లే అయిందని తేల్చండి.

2. దారి ఫోన్ చెబితేనే వినండి. "గది మా మేనత్తోళ్ల ఊరి తొవ్వనయ్యా, నాకెర్కనే" అని ఆమె అంటే, "నీకేం ఎర్క, ఊకో" అనండి. కారు చెరువుకట్ట మీద తేలాక, గొర్లకాపరిని దారి అడిగే పని ఆమెకే అప్పగించండి.

3. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు కల్లమే. అంచున పెట్టిన రాళ్లను చూసి గట్టిగా హారన్ కొట్టండి. కాళ్లతో వడ్లు తిరగేస్తున్న అవ్వ తలెత్తదు. రోడ్డు ఎవరి జాగీరని ఉపన్యాసం మొదలుపెట్టండి. ఈలోపు ఆమె దిగి అవ్వతో మాట్లాడుతుంటుంది. మీరు దిగకండి, ఏసీ వృథా అవుతుంది.

4. వెల్గటూర్ దగ్గర కోటిలింగాలకు పోతే గుడిలో దండం పెట్టి వెంటనే కారెక్కండి. పెద్దవాగు గోదావరిలో కలిసే ఈ చోటనే శాతవాహనుల తొలి రాజు శ్రీముఖుడి నాణేలు, అంతకు ముందటి గోబద, నారన, సమగోపల నాణేలు దొరికాయి. దొరికితే దొరికాయి, రాజులు ప్రసాదం పెట్టరు కదా! ఎల్లంపల్లి ప్రాజెక్టు ముంపులో ఊరు పోయిన చుట్టాలు కలిస్తే పాత ఇల్లెక్కడని అడగకండి. నీళ్లవైపు వేలు చూపిస్తారు, ఆపై మాట్లాడ్డానికి టైం పడుతుంది.

5. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని నానుడి. నరసింహస్వామి సన్నిధిలో యముడికీ గుడి ఉంది. ఈ వయసులో వాయిదా అడగడానికి సరైన దఫ్తరు. అర్చన మీ పేరు మీదే చేయించండి. ఆమె మొక్కు కూడా మీ పేరు మీదే ఉంటుంది కనుక ఖర్చు కలిసొస్తుంది.

6. జగిత్యాల ఖిల్లా 1747 నాటిది, నక్షత్రం ఆకారంలో కట్టారు. ఆ ఆకారం కారులోంచి కనబడదు. అయినా చూశామని చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు.

7. వేములవాడలో కోడెమొక్కు తప్పనిసరి. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగేటప్పుడు ఎవరు ఎవర్ని తిప్పుతున్నారని ఆలోచించకండి.

8. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు వినగానే ఆమె ఆగమంటుంది. "చీరలు హైదరాబాద్‌లో దొరకవా?" అనండి. అక్కడ దొరికేవాటిలో కొన్ని ఇక్కడ నేసినవేనని ఆమె అంటే, వినబడనట్టు గేరు మార్చండి.

9. ఇంటికొచ్చాక దుబాయ్‌లోని కొడుకు ఫోన్ చేసి విశేషాలు అడుగుతాడు. గొర్లకాపరి బిడ్డ పెళ్లి ఎప్పుడో, అవ్వకు వడ్ల పైసలు ఎందుకు పడలేదో, మునిగిన ఊళ్లో ఎవరి వాకిట్లో చింతచెట్టుండేదో ఆమె అరగంట చెబుతుంది. తర్వాత ఫోన్ మీరందుకోండి. లీటరుకు ఎంత మైలేజీ వచ్చిందో చెప్పండి.