వేలెన్సీ అయివోరు

ఎముక విరిగితే ఎక్కడెక్కడి వాళ్లో పుత్తూరుకు వస్తారు. చుట్టుపక్కల పిల్లకాయలు మాత్రం కెమిస్ట్రీలో మార్కులు విరిగితే వస్తారు. మొదటివాళ్లకు ఈశ్వరాపురంలో కట్టు కడతారు. రెండోవాళ్లకు కట్టేది మా వేలెన్సీ అయివోరు.

ఇట్లాంటి అయివోరు ఊరికొకడుంటాడు. రిటైరైన సైన్సు టీచరు, మిద్దెమీద రేకుల షెడ్డు, చొక్కా జేబులో సుద్దముక్క, ఎవరు దొరికినా పాఠం. ఎవరితోనూ కలవని పెద్దమనిషి ఈయన లెక్కలో నియాన్. ఎవరింట్లో కాఫీ దొరుకుతుందా అని తిరిగేవాడు ఫ్లోరిన్. అంగడికి పోయి "సోడియం క్లోరైడ్ ఒక ప్యాకెట్" అంటాడు. "అయోడిన్ ఉప్పేనా సార్?" అంటే ఇక అంగడివాడి బేరం ఆ పూటకు అయిపోయినట్టే.

"దాంట్లో కలిపేది ఉత్త అయోడిన్ కాదురా, పొటాషియం అయోడేట్! 'ఐడ్' అంటే ఒంటిగా వచ్చినట్టు. 'ఏట్' అంటే ఆక్సిజన్‌ను వెంటేసుకోని వచ్చినట్టు. తోక చూసి గుర్తుపట్టాల!"

వెనక వరసలో నూనె కోసం నిలబడిన వాళ్లకు కూడా తోకలు కంఠస్థమైపోయినాయి.

ఆయన పాఠం ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది. "సోడియం దగ్గర పదకొండు ఎలక్ట్రాన్లు. రెండు, ఎనిమిది, చివర్న ఒకటి. ఆ ఒక్కటి వానికి బరువు. క్లోరిన్‌కు చివర్న ఏడు. ఒక్కటి తక్కువై నిద్ర పట్టదు. వీడిచ్చినాడు, వాడు పుచ్చుకున్నాడు. ఇప్పుడు చెప్పండి, ఇచ్చినోడు ఏమైనాడు?"

"ప్లస్ సార్."

"తెలుగులో చెప్పు నాయినా."

"ధనాత్మకం సార్."

"పుచ్చుకున్నోడు?"

"రుణాత్మకం సార్."

"చూసినారా! ఇచ్చినోడిది ధనం, పుచ్చుకున్నోడిది రుణం. ఇంగ్లీషోడికి ప్లస్సు, మైనస్సు అనే గీతలే ఉండాయి. మనకు నీతి కూడా ఉండాది."

ఈ నీతి ఆయన ఇంట్లో మాత్రం పారలేదు. ఫీజు అడగడం ఆయనకు చేతకాదు. "ఇచ్చి ఇచ్చి ధనమయ్యేది మీ ఉప్పులోనే. ఈ ఇంట్లో ఇచ్చినోడి జేబులో సుద్దముక్క తప్ప ఏమీ లేదు" అంటుంది అయివోరమ్మ. బాకీల పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది.

ఫార్ములా రాయడానికి ఆయన వాడే మాట కుండమార్పిడి. వీళ్ల పిల్లను వాళ్లింటికి, వాళ్ల పిల్లను వీళ్లింటికి ఇచ్చినట్టు, ఒకడి వేలెన్సీ ఇంకొకడి కాళ్ల దగ్గర పడాల. అల్యూమినియంది మూడు, ఆక్సిజన్‌ది రెండు. మార్చుకుంటే అల్యూమినియాలు రెండు, ఆక్సిజన్లు మూడు. ఇది చెప్పేటప్పుడు రెండు చేతులూ గాల్లోకి లేచి అడ్డంగా దాటుకుంటాయి. ఆ దెబ్బకు ముందు బెంచీవాడి కళ్లజోడు రెండుసార్లు ఎగిరిపోయింది. చివర్న మంత్రం ఒకటే: "ఇచ్చిందీ పుచ్చుకున్నదీ కూడితే సున్నా రావాల. రాలేదంటే సంసారం నిలబడదు."

మెగ్నీషియం ఆక్సైడ్‌కు ఎవడైనా రెండు, రెండు అని రాస్తే "రెండిళ్లలోనూ సమానమైతే అంకె ఎందుకురా, కొట్టెయ్!" అంటాడు. పేర్ల దగ్గర ఇంకా కఠినం. లోహం ముందు రావాల, పేరు మారకూడదు. అలోహం వెనక రావాల, తోక మారాల. 'కాల్షియం డైక్లోరైడ్' అన్నవాడికి గోడకుర్చీ. "ఎన్ని క్లోరైడ్లో వేలెన్సీనే చెప్తా ఉంటే మళ్లీ నువ్వు దండోరా వేసేదేంది?"

ఇనుము పేరెత్తితే మాత్రం ఆయనకు మంట. ఒకచోట రెండు ఇస్తుంది, ఇంకోచోట మూడు ఇస్తుంది. "మాట మీద నిలబడని మనిషి. అందుకే 1919లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ స్టాక్ వీడి పేరు పక్కనే అంకె తగిలించమన్నాడు. పోలీసోళ్లు రౌడీషీట్ తెరిచినట్టు!"

పోయిన వానకాలంలో అయివోరు మిద్దె మెట్ల మీద జారినాడు. కుడిచెయ్యి విరిగింది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ. కట్టు పడతా ఉంటే నొప్పికి మూలగాల్సిన మనిషి పాఠం ఎత్తుకున్నాడు.

"నాయినా, ఎముక అంటే ఏమనుకుంటాండావు? కాల్షియం ఫాస్ఫేట్. అచ్చంగా అయితే దాని దగ్గరి చుట్టం, హైడ్రాక్సీ అపటైట్. ఫాస్ఫేట్ అనేది ఉమ్మడి కుటుంబం. ఒక ఫాస్ఫరస్, నాలుగు ఆక్సిజన్లు, చుట్టూ బ్రాకెట్ గోడ. కాల్షియంది రెండు, ఫాస్ఫేట్‌ది మూడు, ఇప్పుడు కుండమార్పిడి..."

చేతులు లేవబోయినాయి. కట్టు కట్టే ఆయన గట్టిగా పట్టుకున్నాడు.

"నోరు ఎంతైనా ఆడించండి సార్. చెయ్యి ఆడిస్తే ఎముక కట్టదు."

ఆ నెలన్నర ట్యూషన్ చూడాల్సిందే. అయివోరు నోటితో చెప్తాడు, కుండమార్పిడి వచ్చేసరికి ఆగిపోతాడు. ఎడమచెయ్యి ఒక్కటే లేచి, జోడు కోసం గాల్లో వెతుక్కోని దిగిపోతుంది. చూడలేక ముందు బెంచీవాడు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకోని తన చెయ్యి అరువిచ్చినాడు.

కట్టు విప్పించుకున్న రోజు ఇంటికి తెచ్చిన ఆటోవాడు పాత శిష్యుడే. అయివోరు డబ్బులు తీస్తే వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దు సార్. పుచ్చుకుంటే రుణాత్మకమైపోతా."

ఇన్నేళ్లలో అయివోరికి జవాబు దొరకనిది ఆ ఒక్కసారే. కళ్లు తుడుచుకుంటా లోపలికి వచ్చినాడు. అయివోరమ్మ బాకీల పుస్తకం తిరగేస్తా ఉంది.

"వాడా? ట్యూషన్ ఫీజు మూడు నెలలది ఎగ్గొట్టి పోయినోడు. ఒక్క ఆటోకే సున్నా అయిపోతాదా?"

అయివోరి మొహం వెలిగింది. "కాదే! ఒక బాకీకి ఎన్ని ఆటోలో తేల్చాల. ఫార్ములా రాయాల!"

అప్పటికే రెండు చేతులూ గాల్లో అడ్డంగా దాటుకున్నాయి.