నైరోబీ వయా దొరవారిసత్రం

నెల్లూరులో ఇప్పుడు పెద్దమనిషి అనిపించుకోవాలంటే మాగుంట లేఅవుట్‌లో ఇల్లు, చెరువులో రొయ్య, అమెరికాలో కొడుకు ఉంటే చాలదు. ఆఫ్రికాలో సింహం కూడా ఉండాలి. సింహం మసాయి మారాలోనే ఉంటుంది, ఫొటో మాత్రం వాట్సాప్ డీపీలో ఉండాలి. కాశీకి పోయినవాడు కాయో పండో వదిలేసి వస్తాడు. కెన్యాకి పోయొచ్చినవాడు దేన్నీ వదలడు, మనల్ని అసలే వదలడు. పెళ్లి భోజనంలో చేపల పులుసు వడ్డించే లోపల ఫోన్ మన విస్తరి మీదకి వస్తుంది.

"అడవంటే అదీ అబ్బయ్యా! మన దగ్గిర ఏముందీ, నాలుగు కొంగలు తప్ప?"

ఈ మాటన్న పెద్దమనిషి కెన్యా పోయింది సంక్రాంతి సెలవుల్లో. మసాయి మారాలో విదేశీయుడు అడుగుపెట్టాలంటే జనవరి నుంచి జూన్ దాకా రోజుకి తలకి 100 డాలర్లు, జూలై నుంచి 200. ఈ సగం ధర ఎందుకో ఆయన అడగలేదు. టీవీల్లో చూపించే వైల్డ్‌బీస్ట్ మందలు మారా నది దాటేది జూలై తర్వాత. జనవరిలో అవి టాంజానియాలో, సెరెంగెటి దక్షిణపు మైదానాల్లో ఈనడానికి చేరుకుంటాయి. అంటే మనవాడు చూడబోయిన పెళ్లివారు విడిదిల్లు ఖాళీ చేసి వెళ్లాక వెళ్లాడు. అయినా నది దాటే వీడియో చూపించాడు. మూలన ఎవరిదో యూట్యూబ్ ఛానల్ ముద్ర ఉంది. మర్యాద కోసం నేను చూడనట్టు ఊరుకున్నా.

దర్శకుడు రాజమౌళి గారు కెన్యా వెళ్లారంటే అర్థముంది, ఆయనకి సినిమా ఉంది. మనవాడికి ఉన్నది స్టేటస్.

ప్రయాణం సంగతి వినండి. కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. అందుకని ముందే పోయి, క్యూలో నిలబడి, సూది పొడిపించుకున్నాడు. ఇంటి పక్క వీధిలో ఉచితంగా వేస్తామన్నప్పుడు కరోనా బూస్టర్ వేయించుకోని మనిషి! తర్వాత చెన్నై విమానాశ్రయం. నెల్లూరు నుంచి చెన్నైకి పోయే కారు గూడూరు, నాయుడుపేట దాటి దొరవారిసత్రం మీదుగా పోవాల్సిందే. నాయుడుపేట వచ్చేసరికి పెద్దమనిషి మెడకి దిండు తగిలించుకుని గుర్రు పెడుతుంటాడు. సరిగ్గా ఆ రోడ్డుకి కాస్త ఎడంగానే నేలపట్టు చెరువు, పక్షుల అభయారణ్యం. జనవరిలో అక్కడి కడప చెట్ల మీద గూడబాతుల కాపురాలు మంచి జోరు మీద ఉంటాయి.

కొమ్మలన్నీ రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంటాయి. వాసన కూడా ఉంటుంది, అబద్ధమెందుకు. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపల ముద్ద లాక్కుంటుంది. తల్లే పిల్లని మింగేస్తోందేమోనని మొదటిసారి చూసినవాడికి గుండె ఝల్లుమంటుంది. పక్క కొమ్మల్లో నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు. ఆ రెట్ట కలిసిన నీళ్లు పొలానికి పారితే ఎరువు ఖర్చు తగ్గుతుందని ఆయకట్టు రైతు లెక్క. మసాయి మారాలో సింహం పడుకుని ఉంటే చుట్టూ డజను జీపులు చేరి అది ఎప్పుడు ఆవులిస్తుందా అని కాచుకుంటాయి. ఇక్కడ వాచ్‌టవర్ ఎక్కితే ఆవులింతకి కాచుకునే పనే లేదు, ఎటు తిరిగినా ఏదో ఒక నాటకం నడుస్తూనే ఉంటుంది. కానీ టికెట్ ధర రూపాయల్లో ఉంది. అక్కడే వచ్చింది చిక్కు.

ఫ్లెమింగోల కోసం ఆయన నకూరు సరస్సుకీ పోయాడు. అక్కడ నీటిమట్టం పెరిగి చాలా పక్షులు బొగోరియా వైపు తరలిపోయాయి. మనవాడికి దూరంగా ఒక గులాబీ చార దొరికింది. ఆ గులాబీ రంగు వాటికి పుట్టుకతో రాదు, తినే నాచు నుంచీ బుల్లి రొయ్యల నుంచీ వస్తుంది. రొయ్య తిని అవి రంగెక్కుతాయి, రొయ్య అమ్మి మనవాళ్లు రంగెక్కుతారు. అదే ఫ్లెమింగో మన పులికాట్ సరస్సుకి వస్తే దాని పక్కన నిలబడటానికి మాత్రం మనకి మొహం చెల్లదేమో. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పులికాట్ చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పిస్తూ నేలపట్టు పేరు కూడా రాసింది. ఆ తీర్పు చదివిన రొయ్యల రైతు నాకింకా తగల్లేదు.

సర్కారు వారూ తక్కువ తినలేదు. 2025 జనవరి 18 నుంచి మూడు రోజులు సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్. పక్షుల పేరు మీద పండగ, పాటలు, డాన్సులు, స్టాళ్లు. జనం వేదిక వైపు మొహం, సరస్సు వైపు వీపు. మైకు హోరు ఫ్లెమింగోలకి నచ్చిందో లేదో కమిటీలో వాటికి సభ్యత్వం లేదు గనక తెలియదు.

మసాయి వాళ్లతో కలిసి ఎగిరిన ఫొటో కూడా ఉంది. ఎర్ర దుప్పటి కప్పుకుని, బెల్టు మీదుగా పొట్ట జారుతుండగా, నేల నుంచి ఒక అంగుళం లేచాడు. "ఎంత గొప్ప తెగబ్బా! అడివి వాళ్ల చేతి గీతలాంటిది" అని కళ్లు తుడుచుకున్నాడు. రాకెట్ కేంద్రం వచ్చేదాకా శ్రీహరికోట దీవిలో తేనె పట్టి, దుంపలు తవ్వి, చేపలు పట్టి బతికిన యానాదులు ఈయన రొయ్యల చెరువు గట్టునే కాపలా ఉన్నారు. కాపలా మనిషి పేరేందన్నా అని అడిగా. "వాడా? వాడే, యానాదోడు."

మన పిట్టల్ని పట్టించుకున్న పరాయివాడూ ఒకడున్నాడు. 1840లలో జెర్డన్ అనే దొర సివిల్ సర్జన్‌గా నెల్లూరు వచ్చి, రోగులు పోగా మిగిలిన పొద్దంతా మన పిట్టల వెంటే తిరిగాడు. ఆయన పేరు మోసే కలివికోడి ఇక లేదనుకున్న పక్షి, 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. ఈ రోజుల్లో ఆంధ్ర దాటి ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించలేదు. ఈ మాట చెబితే మనవాడు "కోడా? పులుసు పెడతారా?" అన్నాడు. నవ్వాను, ఏం చేస్తాం.

చివరికి ఉండబట్టలేక అడిగా, అన్నా, ఒక ఆదివారం నేలపట్టు పోయొద్దామా అని. పెద్దమనిషి మొహం చిట్లించాడు.

"నీకు తెలీదా? 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు దొరవారిసత్రం తిరుపతి జిల్లాలోకి పోయింది. అదిప్పుడు మనది కాదబ్బయ్యా."

మసాయి మారా మన జిల్లాలో ఏ మండలంలో ఉందో అడుగుదామనుకున్నా. అప్పటికే ఫోన్‌లో ఖడ్గమృగం దాకా వచ్చేశాడు.