గోడ గారి ర్యాంకు

ఇంటర్ అడ్మిషన్ల సీజన్‌లో ఇంటికొచ్చే పీఆర్వో గారు ఫీజు చెప్పేముందు గొంతు కాస్త తగ్గిస్తారు: "మా దగ్గర గర్ల్స్ క్యాంపస్ వేరు, బాయ్స్ క్యాంపస్ వేరు సార్." లెక్కలు ఎవరు చెబుతారని అడగబోయిన నాన్న అక్కడితో ఆగిపోతాడు. ల్యాబ్ ఉందా అన్న సందేహం అమ్మకూ తీరిపోతుంది. గోడ ఉందిగా, ఇంకేం కావాలి!

ఆ గోడ మహిమ అంతా ఇంతా కాదు. స్థలం లేక ఒకే బిల్డింగ్‌లో పెడితే రెండు మెట్లదారులు, రెండు లంచ్ బెల్లులు. ఫిజిక్స్ సార్ మాత్రం ఒక్కరే. పొద్దున అటువైపు చెప్పిన పాఠాన్నే, వేసిన జోకుతో సహా, మధ్యాహ్నం ఇటువైపు దించేస్తారు. ఇక రిజల్ట్స్ వచ్చిన మర్నాడు చూడాలి: పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన, అందులో అటు అబ్బాయీ ఇటు అమ్మాయీ భుజాలు రాసుకుంటూ నవ్వుతుంటారు. పేపర్లో పక్కపక్కనే ఉన్నా పోని పరువు, క్లాసులో ఒక గదిలో కూర్చుంటేనే ఎలా పోతుందో యాజమాన్యమే చెప్పాలి.

"పరిశోధనలున్నాయండీ" అంటారు. ఉన్నాయి. 21 దేశాల్లో 16 లక్షల మంది విద్యార్థులకు సంబంధించిన 184 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో ముగ్గురు పరిశోధకులు తూచి చూశారు. పోలిక సరిగ్గా చేసిన వాటిలో విడి బడులకు చెప్పుకోదగ్గ ఆధిక్యమేమీ తేలలేదు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో మాత్రం విడి బడుల పిల్లలకు మార్కులు కొంత మెరుగ్గా వచ్చాయని మరో అధ్యయనం చెప్పింది. ఒప్పుకుందాం. కానీ అక్కడ ఏ పిల్లవాడు ఏ బడికి వెళ్లాలో లాటరీ తేల్చేది. మన దగ్గర టెన్త్ మార్కులు చూసి ఏరుకుని, రాత్రి స్టడీ అవర్ దాకా రుద్ది, చివరికి వచ్చిన ర్యాంకును గోడ ఖాతాలో జమ వేస్తారు.

అలాగని ఆడపిల్లల బడులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. చదువుకు దూరమైన ఆడపిల్లల కోసం 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు వేరే సంగతి. పెళ్లి పీటలకో పత్తి చేలకో వెళ్లాల్సిన పిల్లకు అక్కడ మంచం, అన్నం, పుస్తకం దొరికాయి. ఆ గోడ పిల్లను చదువులోకి తెచ్చింది. ఈ గోడ తండ్రి భయాన్ని చెక్కుగా మార్చుకుంటోంది.

ఇంటర్ రెండేళ్లు గడిచాక ఈఏపీసెట్ రాసి ఇంజనీరింగ్‌లో చేరితే, ల్యాబ్‌లో అబ్బాయినీ అమ్మాయినీ ఒకే బ్యాచ్‌లో వేస్తారు. పక్కనున్న అమ్మాయిని రికార్డు అడగడానికి కుర్రాడు చెమటలు కక్కుతాడు, లేదా వెకిలి వేషాలేస్తాడు. ఆ సిలబస్ ఏ క్యాంపస్‌లోనూ చెప్పలేదు మరి.

అందుకే యాజమాన్యాలకు ఒక మనవి. వచ్చే ఏడాది ఫీజు రసీదును రెండు వరుసలు చేయండి: చదువుకు ఇంత, గోడకు ఇంత. రెండో అంకె చూసి ఉలిక్కిపడిన తండ్రి, మొదటి అంకెకు ఏం చెబుతున్నారని అప్పుడైనా అడుగుతాడు.